పారిస్‌లో ఆఖరి రోజు, శంషాబాద్ దాకా

నమస్కారం అండి. యూరప్ ట్రిప్ వీడియోల్లో ఇది చివరిది, ఇక ఖర్చుల లెక్క ఒక్కటే మిగులుతుంది. అమ్మ, నాన్న, మా ఆవిడతో కలిసి పారిస్‌లో ఆఖరి రోజు ఎలా గడిచింది, ఆ రాత్రి ఎయిర్‌పోర్టులో ఏం జరిగింది, దోహాలో విమానం మారి హైదరాబాద్ ఎలా చేరాం, అన్నీ ఇందులోనే చెప్పేస్తాను. టాక్స్ రీఫండ్ గురించి చాలామంది అడిగారు, అది కూడా మధ్యలో వస్తుంది.

మనవాళ్ళు యూరప్ వెళ్తే ఆఖరి రోజుని అసలు లెక్కలో వేసుకోరు. ప్యాకేజీ టూర్ కాగితం చూడండి, "బ్రేక్‌ఫాస్ట్ తర్వాత ఎయిర్‌పోర్ట్ డ్రాప్" అని ఒక్క లైనుతో తేల్చేస్తారు. విమానం రాత్రి పదింటికైనా సరే, పొద్దున్నుంచే మనసు ఎయిర్‌పోర్టులో ఉంటుంది. సూట్‌కేసు బరువెంత, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టాను, పక్కింటివాళ్ళకి ఏం కొనాలి, ఈ టెన్షన్లతోనే రోజు కరిగిపోతుంది. లక్షలు పోసి అంత దూరం వెళ్ళాం కదండీ! రాత్రి విమానమైతే చేతిలో నికరంగా ఎనిమిది గంటలు ఉన్నట్టే. నా మాట వినండి. ఆ ఎనిమిది గంటల్లో నాలుగైదు చోట్లకి పరిగెత్తకండి. ఒక్క చోటు పెట్టుకోండి, అక్కడ తీరిగ్గా ఉండండి. మేం అదే చేశాం. ఈఫిల్ టవర్ ఎక్కిన రోజు కన్నా ఆ రోజే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

బ్యాగుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. సర్దుకోవడం ముందు రోజు రాత్రే అయిపోవాలి. పొద్దున పదకొండింటికి గది ఖాళీ చేశాం, సామాను హోటల్లోనే వదిలేశాం. చాలా హోటళ్ళు సాయంత్రం దాకా డబ్బు తీసుకోకుండానే ఉంచుతాయి, అడగడానికి మొహమాటపడకండి. అద్దె ఫ్లాట్‌లో దిగినవాళ్ళకి ఆ సౌకర్యం ఉండదు కాబట్టి, గార్ దు నోర్ లాంటి పెద్ద స్టేషన్లలో లాకర్లు ఉంటాయి, అందులో పెట్టుకోవచ్చు. ఇంకొక్కటి. టాక్స్ రీఫండ్‌కి చూపించాల్సిన వస్తువులు సూట్‌కేసు అడుగున కాకుండా పైనే పెట్టండి. ఎందుకో తర్వాత చెప్తాను.

సరే, ఆ ఒక్క చోటు ఏదీ అంటే, గిమే మ్యూజియం.

పారిస్ వెళ్ళిన తెలుగువాళ్ళలో లూవ్ర్ చూడనివాళ్ళు తక్కువ, గిమే చూసినవాళ్ళు ఇంకా తక్కువ. మెట్రో తొమ్మిదో లైనులో ఇయెనా స్టేషన్‌లో దిగితే ఎదురుగానే ఉంటుంది. ఈఫిల్ టవర్‌కి నడిచి వెళ్ళేంత దూరం. మంగళవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. ఆసియా దేశాల కళకి యూరప్‌లో ఉన్న పెద్ద మ్యూజియాల్లో ఇదొకటి. పెట్టింది ఎమిల్ గిమే అనే లియోన్ నగరపు పారిశ్రామికవేత్త. వాళ్ళ నాన్న కృత్రిమంగా నీలం రంగు తయారుచేసే పద్ధతి కనిపెట్టి, ఫ్యాక్టరీ పెట్టి బాగా సంపాదించాడు. మన అమ్మమ్మలు తెల్ల పంచెలకి పెట్టిన నీలిమందు ఉంది చూశారా, అందులో వాడేది ఆ జాతి రంగే. ఆ డబ్బుతో కొడుకు 1876లో జపాన్, చైనా, ఇండియా తిరిగి, విగ్రహాలు, పుస్తకాలు పోగేశాడు. మొదట లియోన్‌లో మ్యూజియం పెట్టి, తర్వాత పారిస్‌కి మార్చాడు. పారిస్‌లో తలుపులు తెరిచింది 1889లో. ఈఫిల్ టవర్ లేచింది కూడా ఆ ఏడాదే.

లోపలికి వెళ్ళగానే కంబోడియా శిల్పాలు. అంగ్‌కోర్ ప్రాంతంలోని ప్రా ఖాన్ గుడి నుంచి తెచ్చిన పెద్ద నాగుపాము, పడగలన్నీ విప్పుకుని నిలబడి ఉంటుంది. దాన్ని చూడగానే నాన్న అక్కడే ఆగిపోయారు. కంబోడియా బయట ఖ్మేర్ శిల్పాలు, అంటే పాతకాలపు కంబోడియా రాజ్యం నాటివి, ఇంత పెద్ద ఎత్తున ఉన్న చోటు ఇంకెక్కడా దొరకదు. దాని గురించే ఒక వీడియో చెయ్యొచ్చు కానీ మేం వచ్చిన పని అది కాదు. అదే అంతస్తులో భారతదేశం గదుల్లోకి వెళ్ళాం.

అక్కడ ఒక రాతి పలక ఉంది. లేత రంగు రాయి, కొంచెం ఆకుపచ్చ ఛాయ కొడుతుంది. దూరం నుంచి చూస్తే ఏవో బొమ్మలు కిక్కిరిసి ఉన్నట్టు అనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి ఒక్క నిమిషం నిలబడితే కథ విడిపోతుంది. బోధి చెట్టు కింద ఒక సింహాసనం, దాని మీదకి ఎగబడుతున్న మారుడి గుంపు. బుద్ధుడికి జ్ఞానోదయం కాకుండా ఆపడానికి మారుడు దండెత్తి వచ్చిన ఘట్టం అది. మరి బుద్ధుడు ఏడీ? సింహాసనం మీద ఎవరూ లేరు. ఖాళీ. ఆ రోజుల్లో మన శిల్పులు చాలా చోట్ల బుద్ధుడి రూపం చెక్కలేదు. ఆయన ఉన్నాడని చెప్పడానికి ఒక ఆసనమో, పాదాలో, చెట్టో, చక్రమో చాలు. చుట్టూ అంత గోల, అంత తోపులాట, మధ్యలో ఆ ఖాళీ ఆసనం కదలకుండా ఉంది. ఆ శిల్పి ఎవరో గానీ, కనిపించని మనిషిని రాతిలో కూర్చోబెట్టాడండి. దండం పెట్టాలనిపించింది.

పక్కన చీటీ మీద అమరావతి, రెండో శతాబ్దం అని రాసి ఉంది.

మా అమ్మ పుట్టిల్లు సత్తెనపల్లి వైపు. చిన్నప్పుడు శివరాత్రికి ఎడ్లబండి కట్టుకుని అమరావతి వెళ్ళేవాళ్ళు, అమరేశ్వరస్వామి దర్శనానికి. కృష్ణలో స్నానం, గుడి, తిరనాళ్ళు, తిరిగి ఇంటికి. పక్కనే ఉన్న స్తూపాన్ని మాత్రం ఎప్పుడూ ఊరి బయట దిబ్బగానే చూశారట. ఆవిడ ఆ పలక ముందు నిలబడి బొమ్మల కన్నా ముందు రాయిని చూసింది. "ఒరేయ్, ఇది మన పలనాటి రాయిరా. మా ఇంటి అరుగు ఇదే" అంది. నిజమేనండి. అమరావతి శిల్పాలన్నీ ఆ ప్రాంతపు సున్నపురాయిలో చెక్కినవే. ఆ రాతి మీద ఆడుకుని పెరిగిన మనిషికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. బొమ్మల సంగతి తర్వాత నేను చెప్పాను, రాయి సంగతి మాత్రం ఆవిడే నాకు చెప్పింది.

ఇది పారిస్ ఎలా చేరిందని అడుగుతారు. ఈ ఒక్క పలక ప్రయాణం గురించి మాట్లాడను గానీ, అమరావతి కథ మాత్రం మనం తెలుసుకోవాల్సింది. ఆ ప్రాంతపు జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తన రాజధానిని అక్కడికి మార్చి కొత్త ఊరు కడుతున్నప్పుడు, ఆ దిబ్బలోంచి రాళ్ళు తవ్వి వాడుకున్నారు. సంగతి తెలిసి 1797లో కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి వచ్చి చూశాడు. తర్వాత 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలన్నీ గీయించాడు. అప్పటికే చాలా పోయాయి. సున్నపురాయి కదా, కాల్చి సున్నం చేసుకున్నవి కొన్ని, మెట్లకీ గోడలకీ పెట్టుకున్నవి కొన్ని. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో కంపెనీ అధికారి తవ్వించినవి మద్రాసు మీదుగా లండన్ వెళ్ళాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా ఉన్నాయి, చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉన్నాయి, అమరావతి మ్యూజియంలో కొన్ని, ఇక్కడ పారిస్‌లో కొన్ని. ఒక్క స్తూపం ఇన్ని ఊళ్ళకి చెదిరిపోయింది.

నాకు కోపం వచ్చింది, దాచుకోను. అవన్నీ ఒక్క చోట ఉండాలి, ఆ చోటు కృష్ణ ఒడ్డు కావాలి. లండన్‌లో ఉన్నవి తిరిగి ఇవ్వమని మన దగ్గర అడుగుతున్నవాళ్ళున్నారు, నేను వాళ్ళ పక్షమే. కానీ ఆ గదిలో ఇంకోటి కూడా చూశాను. ఎనిమిదీ తొమ్మిదేళ్ళ పిల్లలు, స్కూలు నుంచి వచ్చారు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, ఒళ్ళో అట్ట, చేతిలో పెన్సిలు. టీచర్ ఒక్కొక్కరినీ ఒక్కో బొమ్మ గీయమంది. ఒక పాప ఆ ఖాళీ సింహాసనం గీస్తోంది. గీసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ తల ఎత్తి చూసి, మళ్ళీ గీస్తోంది. పావుగంట పట్టిందా పిల్లకి. మా అమ్మ ఆ పాప వెనకే నిలబడి చివరిదాకా చూసింది. మన స్కూలు పిల్లల్ని అమరావతి తీసుకెళ్ళినప్పుడు బస్సు దిగి, ఫోటో దిగి, పులిహోర పొట్లం తిని వచ్చేయకుండా, ఒక గంట ఇలా కూర్చోబెట్టి గీయిస్తే ఎంత బావుంటుంది! ఏ టీచరైనా ఈ వీడియో చూస్తుంటే దయచేసి ఒక్కసారి ప్రయత్నించండి. పెన్సిలు, కాగితం తప్ప ఖర్చేం లేదు.

రెండు గంటలు అక్కడే ఉన్నాం. నాన్న బెంచీ మీద కూర్చుని ఉన్నారు, లేవమంటే లేవలేదు. కాళ్ళ నొప్పి అనుకున్నాను, కాదట. "ఇంటికి వెళ్ళేముందు మన ఊరి మనిషి కనబడ్డట్టుంది, ఇంకాసేపు ఉందాం" అన్నారు.

బయటికి వచ్చాక త్రొకాదెరో దాకా నడిచి ఈఫిల్ టవర్‌ని ఇంకోసారి చూశాం. 330 మీటర్ల ఎత్తు, అంతకుముందే ఎక్కేశాం కాబట్టి దూరం నుంచే. అక్కణ్ణుంచి నోత్ర్ దామ్ చర్చి. 2019 ఏప్రిల్ 15న పైకప్పు తగలబడటం మనమంతా టీవీలో చూశాం. ఐదేళ్ళకి పైగా పని చేసి 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు. లోపలికి టికెట్ లేదు, క్యూ పొడుగ్గా కనిపించినా చకచకా కదులుతుంది. చర్చి ముందున్న ఖాళీ స్థలంలో నేల మీద చిన్న కంచు బిళ్ళ ఉంటుంది, వెతికితే గానీ కనపడదు. ఫ్రాన్స్‌లో రోడ్ల దూరాలు కొలిచేటప్పుడు పారిస్‌కి సున్నా మైలురాయి అదే. దాని మీద కాలు పెట్టినవాళ్ళు మళ్ళీ పారిస్ వస్తారని ఒక నమ్మకం. మా ఆవిడ రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. అమ్మ మాత్రం చెప్పులు విప్పి మరీ నిలబడింది.

అక్కడికి పక్కనే సాన్ మిషెల్ స్టేషన్. ఆర్‌ఈఆర్ అనే శివారు రైళ్ళలో బి లైను రైలెక్కితే రెండో స్టాపు గార్ దు నోర్. మా హోటలు ఆ దగ్గరే. ఆ స్టేషన్ వెనక వైపు లా షపెల్ అని ఒక పేట ఉంది. ఇది తెలుసుకోండి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి బాగా పనికొస్తుంది. శ్రీలంక నుంచి వచ్చిన తమిళులు అక్కడ స్థిరపడ్డారు. వీధి పొడుగునా చీరల కొట్లు, కరివేపాకు, మునక్కాయలు, పచ్చిమిర్చి, స్టీలు గిన్నెలు. ర్యూ పజోల్ అనే వీధిలో వినాయకుడి గుడి ఉంది, ఆ గుడి మొదలైంది 1985లో. ఏటా ఆగస్టు చివర్లో రథం లాగుతారు, దారంతా కొబ్బరికాయలు కొడతారు, పారిస్ వాళ్ళు కూడా చూడటానికి వస్తారు. మేం దర్శనం చేసుకుని, ఇడ్లీ, సాంబారు, పెరుగన్నం తిన్నాం. అన్ని రోజులూ బ్రెడ్డుతో సర్దుకున్న అమ్మానాన్నలకి విమానానికి ముందు ఆ పెరుగన్నం పడటం నిజంగా మందులా పనిచేసింది. రాత్రి ప్రయాణంలో కడుపు తేలిగ్గా ఉంది.

అన్నట్టు, ఆ చుట్టుపక్కల పాండిచ్చేరి మూలాలున్నవాళ్ళు కూడా కనిపిస్తారు. మన యానాం కూడా ఫ్రెంచివాళ్ళ చేతిలో 1954 దాకా ఉంది కదా. చట్టప్రకారం భారతదేశంలో కలిసింది 1962లో. అప్పుడు అక్కడివాళ్ళకి ఫ్రెంచ్ పౌరసత్వం ఉంచుకునే వీలు కూడా ఇచ్చారు. ఫ్రాన్స్‌లో తెలుగు మాట ఎక్కడైనా వినపడితే అది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చినవాళ్ళదే కానక్కర్లేదు.

ఇక ఎయిర్‌పోర్టుకి వెళ్ళడం. ఇక్కడ డబ్బు లెక్క వినండి. మామూలు మెట్రో టికెట్టుతో షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళకూడదు. 2025 జనవరి నుంచి ఎయిర్‌పోర్టుకి వేరే టికెట్టు, ఆ ఏడాది ధర మనిషికి 13 యూరోలు. మామూలు టికెట్టుతో ఎక్కి దిగేచోట దొరికిపోతే ఫైన్ కట్టాలి. టాక్సీకి మాత్రం ప్రభుత్వం పెట్టిన ఫిక్స్‌డ్ రేటు ఉంది. సెన్ నదికి ఉత్తరం వైపు నుంచైతే 56 యూరోలు, దక్షిణం వైపు నుంచైతే 65. ఇవి కూడా 2025 రేట్లే, మీరు వెళ్ళేటప్పుడు ఒకసారి చూసుకోండి. మేం నలుగురం. రైలుకి 52, టాక్సీకి 56. నాలుగు యూరోల తేడాకి అమ్మానాన్నల్ని సూట్‌కేసులతో స్టేషన్ మెట్లు ఎక్కించి దించే పనేంటి? టాక్సీయే ఎక్కాం. ఒక్కరో ఇద్దరో అయితే రైలే మేలు. సామాను ఎక్కువుంటే పెద్ద కారు కావాలని ముందే చెప్పండి. స్టేషన్ బయట "టాక్సీ, టాక్సీ" అంటూ దగ్గరికి వచ్చేవాళ్ళ వెంట మాత్రం వెళ్ళకండి, బోర్డున్న టాక్సీ స్టాండులోనే ఎక్కండి.

మా విమానం టెర్మినల్ 1 నుంచి. 1974లో కట్టిన గుండ్రటి బిల్డింగు, పాల్ ఆంద్రూ అనే ఆర్కిటెక్టు పని. మధ్యలో ఖాళీ స్థలం, దాని మీదుగా అడ్డదిడ్డంగా గాజు గొట్టాలు, ఆ గొట్టాల్లో ఎస్కలేటర్లు. మనుషులు గాలిలో ఏటవాలుగా పైకీ కిందకీ వెళ్తున్నట్టుంటుంది. చాలామంది హడావిడిలో చూడరు గానీ, ఎయిర్‌పోర్టుల్లో నేను చూసిన అందమైన చోటు ఇదే. కాస్త ఆగి చూడండి.

టాక్స్ రీఫండ్. ఫ్రాన్స్‌లో మనం కొనే చాలా వస్తువుల ధరలో 20 శాతం పన్ను కలిసి ఉంటుంది. మనం యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్ళం కాబట్టి, ఒకే షాపులో 100 యూరోలు దాటి కొంటే ఆ పన్నులో కొంత వెనక్కి వస్తుంది. కొంత అన్నాను, గమనించండి. మధ్యలో ఉండే కంపెనీలు తమ వాటా తీసుకోగా చాలాసార్లు చేతికి వచ్చేది 12 శాతం దగ్గర్లో ఉంటుంది. షాపులో పాస్‌పోర్టు చూపించి ఫారం తీసుకోవాలి. ఎయిర్‌పోర్టులో పాబ్లో అనే మిషన్లు ఉంటాయి. ఫారం మీదున్న బార్‌కోడ్‌ని దాని ముందు పెడితే, స్క్రీన్ మీద ఆకుపచ్చ గుర్తు వస్తుంది. అంతే, పని అయిపోయింది. ఎరుపు వస్తే కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్ళాలి, అక్కడ వస్తువు చూపించమంటారు. అందుకే పైన పెట్టమన్నాను. ఇదంతా సూట్‌కేసు విమానంవాళ్ళకి ఇవ్వకముందే జరగాలి. బ్యాగు బెల్టు మీద వెళ్ళిపోయాక వస్తువు చూపించమంటే ఏం చూపిస్తాం? డబ్బు క్యాష్‌గా తీసుకుంటే ఇంకొంచెం కోత పెడతారు, కార్డుకి వేయించుకోవడమే నయం. కొన్నాళ్ళు ఆగితే పడుతుంది.

ప్యాకేజీ టూర్లలో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. పారిస్‌లో కొని, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్ వెళ్ళి, జ్యూరిక్ నుంచి విమానం ఎక్కేవాళ్ళున్నారు. స్విట్జర్లాండ్‌కి మన షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, పనిచేస్తుంది కానీ అది యూరోపియన్ యూనియన్‌లో లేదు. కాబట్టి ఫ్రాన్స్ ఫారాల పని యూనియన్ సరిహద్దు దాటేటప్పుడే పూర్తి చేసుకోవాలి, జ్యూరిక్ ఎయిర్‌పోర్టులో కుదరదు. టూర్ మేనేజర్‌ని ముందే అడగండి.

ఇమిగ్రేషన్ దగ్గర కొత్త పద్ధతి వచ్చింది. పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టే బదులు మొహం ఫోటో, వేలిముద్రల వివరాలతో కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. 2025 అక్టోబర్ 12న మొదలుపెట్టి, 2026 ఏప్రిల్ 10 నుంచి పూర్తిగా అమలు. పన్నెండేళ్ళలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. క్యూలు పొడుగైతే అవుతాయి, మూడు గంటలు సరిపోతాయిలే అనుకోకండి, నాలుగు గంటల ముందు చేరండి. వీసా మీద ఎన్ని రోజులు ఇచ్చారో చూసుకోండి, బయల్దేరే రోజు కూడా అందులో ఒక రోజుగానే లెక్క. ఇక చేతి సంచిలో ద్రవాలు, ముద్దలు 100 మిల్లీలీటర్లు దాటకూడదన్నది మామూలు రూలు. చాక్లెట్ క్రీము సీసా, జాము, మిగిలిపోయిన ఆవకాయ కూడా అందులోకే వస్తాయి. మా ముందున్న ఒక కుటుంబం దగ్గర పచ్చడి డబ్బా తీయించేశారు. పాపం ఆ పెద్దావిడ మొహం చూడలేకపోయాను. అవి సూట్‌కేసులోనే పెట్టేయండి.

పారిస్ నుంచి దోహా ఆరు గంటల పైన. తూర్పు వైపు వెళ్తాం కాబట్టి రాత్రి చిన్నదైపోతుంది, కన్ను మూసేలోపే తెల్లారుతుంది. దోహా ఎయిర్‌పోర్టు నడుమ ఏడు మీటర్ల పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంది, తలలోంచి దీపం వచ్చినట్టు. దాని దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు, మేమూ దిగాం. అసలు నేను చెప్పాలనుకుంటున్నది హైదరాబాద్ గేటు దగ్గర సంగతి.

ఆ గేటు దగ్గరికి వెళ్ళేసరికి చుట్టూ తెలుగు. యూరప్ నుంచి, అమెరికా నుంచి వచ్చినవాళ్ళం పిడికెడు మందిమి. మిగతావాళ్ళంతా గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళు. ఖతర్ నుంచి, కువైట్ నుంచి, సౌదీ నుంచి ఇంటికి వెళ్తున్నారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు మగవాళ్ళు, కడప, కోనసీమ వైపు ఆడవాళ్ళు ఎక్కువ. మా పక్క కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు, నలభై ఐదేళ్ళుంటాయి. బోర్డింగ్ పాస్ నాకు చూపించి, "అన్నా, గీ గేటేనా హైదరాబాదుకు?" అన్నాడు. అవునన్నాను. అమ్మ ఊరుకోదు కదా, "ఏ ఊరు బాబూ?" అంది.

"జగిత్యాల దగ్గరమ్మా."

"ఎన్నాళ్ళైంది వచ్చి?"

"రెండేండ్లు దాటింది. బిడ్డ పెండ్లి పెట్టుకున్నం. సెలవు ఇప్పుడు దొరికింది."

బిల్డింగుల పనిలో ఉన్నాడట. ఎండలో మధ్యాహ్నం పని ఆపేస్తారు గానీ పొద్దున నాలుగింటికే లేవాలట. కూతురు నర్సింగ్ చదివిందని చెప్పేటప్పుడు ఆ మనిషి గొంతే మారిపోయింది. మమ్మల్ని ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగాడు. పారిస్ అని చెప్పాను. "మంచిగుంటదా అన్నా?" అని ఆసక్తిగా అడిగి, నా ఫోన్‌లో ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఆ రాతి పలక ఫోటో దగ్గర ఆగాడు. మనదే, అమరావతిది అని చెప్పాను. "మా దగ్గర ధూళికట్టల సుత ఇసొంటిది ఉంది, తవ్విండ్రు" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట, శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం బయటపడిన చోటు. పారిస్‌లో రెండు గంటలు నేను చూసిందాన్ని ఆయన తన పక్క ఊరి సంగతిగా చెప్పాడు. వచ్చే నెలలో ధూళికట్ట వెళ్తున్నాను, వీడియో చేస్తాను.

దోహా నుంచి హైదరాబాద్ నాలుగు గంటలు. శంషాబాద్‌లో దిగాక, ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్న మన దేశస్థులకి ఈ-గేట్లు ఉన్నాయి, త్వరగా అయిపోతుంది. తరచూ విదేశాలు వెళ్ళేవాళ్ళు నమోదు చేసుకోండి. ఆలస్యం బెల్టు దగ్గరే. మా సూట్‌కేసులతో పాటు అట్టపెట్టెలు తిరుగుతూ వస్తున్నాయి. నీలం రంగు ప్లాస్టిక్ తాడుతో గట్టిగా కట్టి, నాలుగు వైపులా మార్కర్ పెన్నుతో పేరు, ఊరు, మండలం, జిల్లా రాసి ఉన్నాయి. దుప్పట్లు, పాలపొడి, పిల్లలకి బొమ్మలు, సెంటు సీసాలు, అన్నీ అందులోనే. జగిత్యాల ఆయన పెట్టె మా కన్నా ముందే వచ్చింది. నాన్న ఒక చెయ్యి వేసి ట్రాలీ మీదకి ఎత్తించారు. పెళ్ళికి రమ్మని తేదీ చెప్పి, నా నంబరు తీసుకుని గబగబా వెళ్ళిపోయాడు. వెళ్తాం, అమ్మ అప్పుడే చీర ఏం పెట్టాలో ఆలోచిస్తోంది.

బయట పుష్పక్ బస్సు ఎక్కాం. ఆర్టీసీ వాళ్ళది, రాత్రీ పగలూ నడుస్తుంది, సామాను పెట్టుకునే చోటు కూడా ఉంటుంది. ఎండాకాలంలో పారిస్‌కీ మనకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. ఇంటికి రాగానే పడుకుంటే రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. ఎలాగోలా తొమ్మిది దాకా మెలకువగా ఉండండి, మర్నాటికి సర్దుకుంటుంది. అమ్మానాన్నల బీపీ మాత్రలు, షుగర్ మాత్రల టైము ఎప్పటినుంచి మన టైముకి మార్చాలో బయల్దేరేముందే డాక్టర్‌ని అడిగి రాసి పెట్టుకోండి. మేం అలా కాగితం మీద రాయించుకుని వెళ్ళాం, చాలా ఉపయోగపడింది.

మొత్తం ఖర్చెంత అయిందో రూపాయల్లో, వీసా ఫీజు నుంచి పుష్పక్ టికెట్టు దాకా, వచ్చే వీడియోలో లెక్క చెప్తాను. గిమే మ్యూజియం గురించి, టాక్స్ రీఫండ్ గురించి ఏమైనా అడగాలంటే కింద రాయండి, నాకు తెలిసినంతలో జవాబిస్తాను. ధూళికట్ట దగ్గరి ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే, అక్కడికి ఏ సమయంలో వస్తే బావుంటుందో చెప్పండి. ఉంటానండి.